పోళా మర్నాడు ఎద్దు నెమరు ఎందుకు మానేస్తుంది?

కిన్వట్, మాహూర్, ధర్మాబాద్, రాజురా, సిరొంచ. మహారాష్ట్ర సరిహద్దులో తెలుగు ఇళ్లున్న ఈ పట్టణాల చుట్టుపక్కల శ్రావణ అమావాస్య అంటే ఎడ్ల పండుగే. మరాఠీవాళ్లకు అది పోళా, మనవాళ్లకు పొలాల. ఆ రోజు ఎద్దు మెడ మీద కాడి పడదు, వీపు మీద కర్ర పడదు. అయినా తెల్లారేసరికి ఊరికి ఒకటో రెండో ఎడ్లు మేత ముట్టకుండా నిలబడతాయి. ఎడమ డొక్క బరువుగా దిగి ఉంటుంది, పేడ నీళ్లలా పడుతుంది, పుల్లటి వాసన వస్తుంది, నెమరు ఉండదు. దిష్టి తగిలిందని మిరపకాయలు తిప్పేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. తగిలింది దిష్టి కాదు, పోలెలు, అంటే పండుగ బొబ్బట్లు.

ఈ పండుగ చుట్టూ ఇలాంటి ప్రశ్నలు చాలానే ఉన్నాయి. పండుగ ఈ అమావాస్యకే ఎందుకు, మెడకు వెన్న ఎందుకు, కొమ్ముకు రంగు వేస్తే నష్టమా, ఎర్ర గుడ్డ చూస్తే ఎద్దు నిజంగా రెచ్చిపోతుందా. ఆచారాన్ని, ఎద్దు ఒంటి తీరును పక్కపక్కన పెట్టి చూస్తే వీటిలో చాలావాటికి జవాబు దొరుకుతుంది. ఈ ఆచారాల్లో మంచివే ఎక్కువ. హాని చేసేవి కొన్నే, అవి కూడా ముద్దు ఎక్కువై చేసేవి.

ఈ అమావాస్యకే ఎందుకు?

మృగశిర కార్తెతో మొదలైన పని ఎడ్లను రెండున్నర నెలలు ఊపిరి తీసుకోనివ్వదు. దుక్కి, విత్తనం, ఆ తరువాత పత్తి సాళ్ల మధ్య గుంటుక మీద గుంటుక. ఆగస్టు చివరికి పత్తి చెట్లు కొమ్మలు చాచి సాళ్లను కమ్మేస్తాయి. ఇక ఎడ్లను లోపలికి దింపితే కాయ రాలుతుంది. కోతలు ఇంకా రాలేదు, యాసంగి దుక్కికి నేల ఆరలేదు. పని మొదలయ్యాక ఎద్దుకు తీరిక దొరికే మొదటి రోజులివే.

ఎడ్లనూ ఆవులనూ కొలిచే పండుగలు మిగతాచోట్లా ఉన్నాయి, తిథులే వేరు. ఏరువాక పున్నమి పని మొదలయ్యే ముందు వస్తుంది. కోస్తాలో కనుమ పంట ఇంటికి చేరాక వస్తుంది. ఒడిశాలో గహ్మా పున్నమి శ్రావణ పున్నమి నాడే, అంటే పోళాకు ఒక పక్షం ముందే అయిపోతుంది. పోళా పడేది పని నడుమ, గట్టి పని అప్పుడే ముగిసిన వారంలో. ఎద్దు మెడ ఏడాదిలోకెల్లా ఎక్కువ అరిగి ఉండే సమయమది. పోళా తంతులో మెడ మర్దనకు అంత పెద్ద పీట వేయడానికి కారణం అదేననిపిస్తుంది.

ఇంకో సంగతి. అదే అమావాస్య నాడు కోస్తాలో ఆడవాళ్లు కంద మొక్కను పూజించి పిల్లల క్షేమం కోసం పోలాల అమావాస్య నోము నోచుకుంటారు. మహారాష్ట్రలోనూ తల్లులు అదే రోజు పిఠోరీ అమావాస్య వ్రతం చేస్తారు, అదీ పిల్లల కోసమే. సరిహద్దు ఊళ్లలో కొన్ని ఇళ్ల వాకిట్లో ఎడ్లకు హారతి పడుతుంటే లోపల నోము సాగుతుంటుంది.

ముందురోజు సాయంత్రం: మెడ మర్దన

మరాఠీలో దీన్ని ఖాందమళణి అంటారు. ఎడ్లకు వేడినీళ్లతో మెడ, మూపురం ముందు భాగం కడిగి, పసుపు కలిపిన వెన్నో నెయ్యో పట్టించి రుద్దుతారు. నెయ్యి ధర చూసి ఇప్పుడు చాలామంది నూనెతోనే కానిస్తున్నారు. రుద్దుతూ, ‘ఆజ్ ఆవతణ్ ఘ్యా, ఉద్యా జేవాయలా యా’ అని పిలుస్తారు. ఇవాళ పిలుపు అందుకోండి, రేపు భోజనానికి రండి అని. ఎద్దును చుట్టాన్ని పిలిచినట్టు పిలవడం ఈ పండుగలో అన్నిటికన్నా అందమైన ఘట్టం.

ఈ మర్దనతో ఒరిగేది నెయ్యి వల్ల వచ్చేది కొంత, చెయ్యి తగలడం వల్ల వచ్చేది ఎక్కువ. కాడి ఆనే చోట చర్మాన్ని వేళ్లతో నొక్కి చూసే అవకాశం ఏడాదిలో ఇలా మళ్లీ రాదు. మెత్తగా, వేడిగా, ముట్టుకుంటే ఎద్దు పక్కకు జరిగే వాపు ఉంటే లోపల చీము పడుతోందని అర్థం. దాన్ని రుద్దకూడదు. వేడినీళ్ల గుడ్డతో కాపడం పెట్టి డాక్టరుకు చూపించాలి. గట్టిగా, చల్లగా, నొప్పి లేకుండా ఉండే ముద్ద పాత కాయ. రాపిడికి చర్మం మందమై అలా అవుతుంది, మర్దనతో కరగదు. పని ఆగితే పెరగడం ఆగుతుంది, మరీ పెద్దదైతే కోసి తీయాల్సి వస్తుంది. ఇక పచ్చి పుండు ఉంటే దాని మీద నెయ్యి అసలే పూయొద్దు. జిడ్డుకూ తడికీ ఈగలు ముసిరి గుడ్లు పెడతాయి, ఒకటి రెండు రోజుల్లో పురుగులు పడతాయి. పుండును కడిగి ఆరబెట్టి, ఈగలు వాలకుండా పైమందు రాయడమే సరైన పని.

ఇంతకీ పుండు ఎందుకు పడుతుంది? కాడి గరుకుగా ఉండటం ఒక కారణం. జోడీలో ఒకటి పొడవు, ఒకటి పొట్టి అయితే కాడి ఒరిగి బరువంతా పొట్టి ఎద్దు మెడ మీదకు జారుతుంది. వానలో తడిసి నానిన చర్మం త్వరగా చిట్లుతుంది. మెడకు గోనెపట్టా చుడితే మేలే కానీ, తడిసి మట్టి పట్టిన పట్టా కాడికన్నా ఎక్కువ గీరుతుంది.

పండుగ నాటి మేత

ఇక్కడే అసలు చిక్కు. మామూలు రోజుల్లో ఈ ఎడ్లు తినేది జొన్న చొప్ప, గట్టు గడ్డి, పని రోజుల్లో కాస్త పత్తిగింజల చెక్క. పోళా నాడు సజ్జ కిచిడీ, జొన్న గుగ్గిళ్లు, అన్నం, బెల్లం, పోలెలు. పోలె అంటే శనగపప్పు, బెల్లం, గోధుమపిండి. పొద్దుటిదాకా పీచు అలవాటైన పొట్టలోకి ఒక్కపూటలో పిండి, తీపి దిగుతాయి.

ఎద్దు మేసిన గడ్డిని ముందుగా తినేది దాని పొట్టలోని సూక్ష్మజీవులు. నాలుగు అరల్లో మొదటిది, అన్నిటికన్నా పెద్దది రూమెన్. ఎదిగిన పెద్ద పశువులో 100 లీటర్లకు పైగా పడుతుంది. ఎడమ డొక్కంతా అదే. ఇడ్లీపిండి పులిసే గిన్నెలా అక్కడ మేత పగలూ రాత్రీ పులుస్తూనే ఉంటుంది. పులిసిన మేత తిరిగి నోటికి వస్తే ఎద్దు ఒక్కో ముద్దను 40 నుంచి 60 సార్లు నములుతుంది. అదే నెమరు. నమిలినంత సేపూ లాలాజలం ఊరుతుంది, పెద్ద పశువులో రోజుకు 100 లీటర్ల దాకా. అందులో సోడా గుణం ఉంటుంది కాబట్టి పొట్టలో పులుపు అదుపులో ఉండి, దాన్ని కొలిచే పీహెచ్ 6, 7 మధ్య నిలుస్తుంది. పీహెచ్ తగ్గితే పులుపు పెరిగినట్టు.

పిండి, బెల్లం ఎక్కువ పడితే లెక్క తప్పుతుంది. గడ్డిని అరిగించే సూక్ష్మజీవులు నెమ్మదస్తులు. పిండిని తినేవి వేరు, అవి గంటల్లో విపరీతంగా పెరిగి లాక్టిక్ ఆమ్లం పుట్టిస్తాయి. మెత్తటి తిండికి నెమరు అక్కర్లేదు, నెమరు లేకపోతే లాలాజలం తగ్గుతుంది, పులుపును విరిచే సోడా రాదు. పీహెచ్ 5.5 కన్నా కిందికి జారిందంటే గడ్డిని అరిగించేవి చావడం మొదలవుతుంది. 5 దాకా దిగితే రూమెన్ కదలిక ఆగుతుంది, ఒంట్లోని నీరంతా పొట్టలోకి లాగేస్తుంది. అందుకే కళ్లు లోతుకు పోతాయి, పేడ నీళ్లవుతుంది, నడక తూలుతుంది. బతికి బయటపడ్డ ఎద్దుకు కూడా వారాల తరువాత గిట్టల్లో వాపు, కుంటు మిగలవచ్చు.

ఇదంతా ఒక ఇంటి పోలెలతో జరగదు. సాయంత్రం ఊరి తోరణం దగ్గర ఎడ్లన్నీ చేరి, పాటలు, ఝడత్యా అనే పోళా పద్యాలు అయ్యాక తోరణం తెగుతుంది. పోళా ఫుటలా, అంటే పోళా విడిపోయింది అని కేకలు. ఆ తరువాత ఎడ్లను ఇంటింటికీ తిప్పుతారు. ప్రతి ఇల్లూ కాళ్లు కడిగి, బొట్టు పెట్టి, పోలెలు తినిపించి, తోలుకొచ్చినవాడికి బోజారా అనే కానుక చేతిలో పెడుతుంది. ఇంటికి రెండు చొప్పున ఇరవై ఇళ్లు తిరిగితే నలభై పోలెలు. ఒక్కోటి 100 గ్రాములనుకున్నా 4 కిలోలు. ఇంట్లో పెట్టిన కిచిడీ దానికి అదనం. ఏ ఒక్క ఇల్లూ ఎక్కువ పెట్టలేదు, ఎద్దు మాత్రం ఎక్కువే తిన్నది.

మార్గం కష్టమేమీ కాదు. మధ్యాహ్నమే ఎండు చొప్ప కడుపునిండా వేయాలి. పీచు నిండిన పొట్టకు తీపి మీద ఆత్రం తగ్గుతుంది, నెమరు నడుస్తుంటుంది. ఇంట్లో రెండు మూడు పోలెలు, ఒక దోసెడు గుగ్గిళ్లు చాలు. ఇంటింటి తిరుగుడులో పోలెలోంచి వేలెడంత ముక్క తుంచి నోటికందిస్తే ఆచారం నెరవేరినట్టే. మిగిలింది తోలుకొచ్చినవాడి సంచిలో వేయండి. ఎద్దుకన్నా వాడికే పనికొస్తుంది.

తిన్నాక ఆరు నుంచి పన్నెండు గంటల్లో తేడా కనబడుతుంది. అప్పుడు చూడాల్సింది ఎడమ డొక్క. చివరి పక్కటెముక వెనక, తుంటి ఎముక ముందు గుంట ఉంటుంది. అక్కడ పిడికిలి గట్టిగా ఆనించి రెండు నిమిషాలు ఉంచాలి. ఆరోగ్యంగా ఉన్న ఎద్దులో రూమెన్ ఆ రెండు నిమిషాల్లో రెండు మూడు సార్లు పిడికిలిని బయటికి నెడుతుంది. అసలు నెట్టకపోతే పొట్ట పని ఆగినట్టే. తరువాత వేళ్లతో తట్టి చూడాలి. డప్పులా మోగితే లోపల గాలి, అది కడుపుబ్బరం. మోగకుండా మెత్తగా పిండిలా ఉన్నా, నీళ్లు కదిలినట్టు చప్పుడైనా పోలెల పులుపు. ఈ తేడా తెలియకపోతే వైద్యం తప్పుతుంది. పల్లీ నూనె తాగించే చిట్కా నురగ ఉబ్బరానికి పనికొస్తుంది, పులుపుకు దానితో ఒరిగేదేమీ లేదు.

పులుపని తేలితే తిండి అంతా ఆపి ఎండు చొప్ప మాత్రమే ముందుంచాలి, గంటకోసారి నాలుగడుగులు నడిపించాలి, 1962 నంబరుకు ఫోను చేసి సంచార పశువైద్య వాహనాన్ని పిలవాలి. వంటసోడా ఇవ్వడం సరైన దారే, మోతాదు ఎద్దు బరువును, జబ్బు ముదిరిన తీరును చూసి డాక్టరు చెప్పాలి. తాగించే పద్ధతి తప్పితే దానివల్లే ప్రాణం పోవచ్చు. ఎద్దు తలను ఆకాశానికి ఎత్తి, నాలుక బయటికి లాగి, గొట్టంతో గబగబా పోస్తే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి. తల వీపు మట్టానికి మించి లేవకూడదు. నోటి మూలన, ముందు పళ్లకూ దవడ పళ్లకూ మధ్య ఖాళీ ఉంటుంది. సీసా మూతి అక్కడ పెట్టి, ఒక్కో గుటక మింగాక మరో గుటక పోయాలి. ఎద్దు దగ్గితే వెంటనే తల వదిలేయాలి. పడుకుని లేవలేని ఎద్దుకు నోటి ద్వారా ఏమీ పోయకూడదు.

అలంకారం తిండిలో కలిసే ప్రమాదం ఇంకొకటి. మెరుపు కాగితాల దండల్లో సన్నటి ఇనుప తీగ ఉంటుంది. పక్క ఎద్దు దండను నమిలి మింగితే ఆ తీగ రెండో అరలో ఆగుతుంది. ఆ అరకూ గుండెకూ మధ్య పలచటి పొర తప్ప అడ్డం లేదు. తీగ పొడుచుకుంటూ గుండె సంచిదాకా పోతే ఎద్దు క్రమంగా చిక్కి చనిపోతుంది. బంతిపూల దండ, నూలు దారం అయితే తిన్నా పరవాలేదు.

కొమ్ముకు రంగు

కొమ్ము పైన కనిపించేది మన గోరులాంటి పదార్థమే, ప్రాణం లేనిది. దాని లోపల ఎముక, ఆ ఎముకలో బోలు. ఎదిగిన ఎద్దులో ఆ బోలు నుదుటి ఎముకలోని గాలి గదులతో కలిసి ఉంటుంది. కొమ్ము మొదలంటా విరిగితే ముక్కులోంచి రక్తం రావడం అందుకే.

పండుగకు కొమ్ములను గాజు పెంకుతోనో కత్తితోనో చెక్కి నునుపు చేసి రంగు వేస్తారు. పై పొర లేచిన పొలుసు వరకు గీకితే చాలు. మొదలు దగ్గర లోతుగా చెక్కితే ప్రాణమున్న భాగం తెగుతుంది. గేరు మన్ను, నీళ్ల రంగు మేలు. ఇనుప గేట్లకు వేసే ఆయిల్ పెయింట్ వేసేవాళ్లు కనీసం కొమ్ము మొదట్లో రెండు వేళ్ల మందం వదిలేయాలి. మన దేశపు పెద్ద కొమ్ముల ఎడ్లలో, ముఖ్యంగా అయిదు నుంచి పదేళ్ల వయసులో, కొమ్ము క్యాన్సర్ కనిపిస్తుంది. కొమ్ము మొదట్లో తాడు ఒరిపిడిని, రంగుల చికాకును దానికి దోహదం చేసేవాటిలో లెక్కిస్తారు. ఎద్దు తరచూ తల విదిలిస్తున్నా, ఒకే కొమ్మును గుంజకు రాస్తున్నా, ఆ పక్క ముక్కులోంచి చీమిడి కారుతున్నా, కొమ్ము వంగినా వెంటనే చూపించాలి. జబ్బు తొలి దశలోనే కొమ్మును కోసి తీయిస్తే ఎద్దు బతుకుతుంది.

ఎర్ర గుడ్డకు ఎద్దు రెచ్చిపోతుందా?

పోళా ఊరేగింపు చూసినవాళ్లకు ఈ ప్రశ్న రాకూడదు. ఎడ్ల వీపు మీద ఝూలు అనే ఎర్ర గుడ్డ, నుదుట కుంకుమ, మీద గులాలు. పక్కపక్కన ఇరవై జతలు ఎర్రగా నిలబడి ఒకదాన్నొకటి పొడవకుండా నెమరేస్తుంటాయి. మన కంట్లో రంగును పట్టే కణాలు మూడు రకాలు, ఎద్దు కంట్లో రెండే. మనకు ఎర్రగా భగభగలాడేది దానికి మసక రంగులా తోస్తుంది. స్పెయిన్ ఎద్దుల పోరులో ఎద్దు ఉరికేది గుడ్డ ఊపు చూసి.

ఎద్దును బెదరగొట్టేవి వేరే ఉన్నాయి. గాలికి టపటపలాడే ప్లాస్టిక్ జెండా, టపాకాయ, డీజే. మనిషి చెవి 20 వేల హెర్ట్జ్ దగ్గర ఆగితే ఎద్దుకు దాదాపు 35 వేల దాకా వినిపిస్తుంది. మనకు వినపడని కీచు శబ్దం కూడా దాని చెవిలో పడుతుంది. చూపు చుట్టూ పరుచుకుని ఉంటుంది, సరిగ్గా వెనక మాత్రం ఏమీ కనపడదు. వెనకనుంచి వచ్చి తోక పట్టుకునే పిల్లవాడికి తగిలే తన్ను అందువల్లే. భుజం పక్కనుంచి మాట్లాడుతూ దగ్గరికి వెళ్లాలి.

ముక్కుతాడు, నాడాలు

ముక్కుతాడు మార్చడం పోళా నాటి పనే. పాత తాడును తెంపి లాగేసి కొత్తదాన్ని గుచ్చితే రంధ్రం గాయమవుతుంది. పాత తాడు ఒక కొసకు కొత్త తాడును ముడి లావు కాకుండా దారంతో కుట్టి, ఆముదం పట్టించి, రెండో కొసనుంచి మెల్లగా లాగితే పాతది బయటికి, కొత్తది లోపలికి ఒకే కదలికలో మారిపోతాయి. నూలు తాడే కట్టండి. నైలాన్ తాడు చాలా రోజులు నిలుస్తుంది, ముక్కును కూడా అంతే చక్కగా కోస్తుంది.

నాడాలు కొట్టించడం పండుగకు నాలుగు రోజుల ముందే, పరగడుపునే అయిపోవాలి. ఎద్దు గిట్ట రెండుగా చీలి ఉంటుంది కాబట్టి గుర్రానికి నాలుగు సరిపోతే ఎద్దుకు ఎనిమిది బిళ్లలు కావాలి. తాళ్లతో పడదోసి కొడతారు, నిండు కడుపుతో పడదోస్తే మేత గొంతులోకి ఎగదన్నుతుంది. నల్లరేగడిలో దున్నే ఎద్దుకు నాడా అక్కర్లేదు. మాహూర్ గుట్టల మీదో తారు రోడ్డు మీదో బండి లాగే ఎద్దుకే కావాలి.

ఊరి ఎడ్లన్నీ ఒక్కచోట చేరడం

2022, 2023లో మహారాష్ట్రలో లంపీ చర్మవ్యాధి పాకినప్పుడు చాలాచోట్ల పోళాను ఎవరి ఇంటి దగ్గర వాళ్లే చేసుకోమని అధికారులు చెప్పారు. కొందరు అలిగారు, కానీ ఆ మాటలో న్యాయముంది. ఈ వైరస్‌ను ఒక ఎద్దునుంచి ఇంకో ఎద్దుకు మోసేవి కుట్టే ఈగలు, దోమలు, పిడుదులు. వానాకాలపు సాయంత్రం, వంద ఎడ్లు రాసుకుంటూ నిలబడే తోరణం. వాటికి అంతకన్నా అనువైన చోటు ఉండదు. పైగా జ్వరం, బొబ్బలు బయటపడక ముందే వైరస్ ఒంట్లో ఉండవచ్చు.

టీకా ఉంది. కానీ వేయించిన రోజే రక్షణ రాదు, మూడు వారాలు పడుతుంది. పోళా సాధారణంగా ఆగస్టు రెండో సగంలోనో సెప్టెంబరు మొదటి సగంలోనో వస్తుంది కాబట్టి ఆషాఢం దాటకముందే వేయించాలి. గాలికుంటు టీకా సంగతీ అప్పుడే అడగండి. ఒంటి మీద ఒక్క బొబ్బ ఉన్నా, జ్వరంతో కళ్లనుంచి నీరు కారుతున్నా ఆ ఎద్దును తోరణం దగ్గరికి తోలకూడదు. దానికి కొట్టంలోనే హారతి ఇచ్చి, చొప్ప వేసి, ఒక పోలె ముక్క పెట్టండి. బోజారా అడగడానికి వచ్చే పిల్లలను మాత్రం ఆ కొట్టంలోకి రానివ్వకండి. వాళ్లు అక్కడినుంచి ఇంకో ఇంటి ఎద్దు దగ్గరికే వెళ్తారు.